తల్లిని చూసి పిల్లను: మేలుజాతి కుక్క కాగితం చెప్పేది, చెప్పనిది

 

వార్షికోత్సవ సంచికకు మన వాళ్ళకు పనికివచ్చే పాఠం ఒకటి రాసి పంపమని వార్డెన్ గారు అడిగారు. నేను ఈ హాస్టలులో ఆరో తరగతి నుండి పదో తరగతి వరకు ఉండి చదువుకున్నవాణ్ణి. ప్రస్తుతం పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. గేదెల చూడి గురించో, గొర్రెల టీకాల గురించో రాద్దామని మొదట అనుకున్నాను. ఇంతలో మన హాస్టలులోనే చదివిన ఒక తమ్ముడికి జరిగిన సంగతి గుర్తుకు వచ్చింది. అందుకే కుక్కల గురించి రాస్తున్నాను.

ఆ తమ్ముడు డిగ్రీ పూర్తి చేశాడు. ఉద్యోగం రాలేదు. లాబ్రడార్ పిల్లలకు పట్నంలో మంచి ధర ఉందని విన్నాడు. తల్లి పేరు మీద డ్వాక్రా సంఘంలో అప్పు తెచ్చి, ఒక దళారి దగ్గర ఒక మగపిల్లను, ఒక ఆడపిల్లను కొన్నాడు. "కాగితాలున్న పిల్లలు" అని చెప్పి ఒక్కొక్కదానికి పదిహేను వేలు తీసుకున్నారు. ఏడాదిన్నర పైగా తాము తినీ తినకా వాటిని పెంచారు. జత కట్టించే ముందు పరీక్ష చేయిద్దామని నా దగ్గరకు తీసుకొచ్చాడు. కాగితాలు రెండూ లామినేషన్ చేయించి, కవరులో భద్రంగా పెట్టుకుని తెచ్చాడు.

"అన్నా, సీలు ఒరిజినలేనా?" అని అడిగాడు.

నేను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాను. తండ్రి పేరు ఒకటే. తల్లి పేరు ఒకటే. పుట్టిన తేదీ ఒకటే. అనగా అవి రెండూ ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్ళు! సీలు అసలైనదే, అందులో రాసిందీ నిజమే. దాన్ని ఎవరూ చదవలేదు, అంతే.

ఆ కాగితాన్ని చదవడం ఎలాగో, అది చెప్పని విషయాలు ఎక్కడ తెలుసుకోవాలో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

రిజిస్ట్రీ అంటే ఏమిటి?

మేలుజాతి కుక్కల పుట్టుకను రాసిపెట్టే పుస్తకాన్ని, ఆ పుస్తకాన్ని నిర్వహించే సంస్థను రిజిస్ట్రీ అంటారు. ఇది ఇంగ్లండులో మొదలైంది. 1859లో న్యూకాసిల్ పట్టణంలో కుక్కల ప్రదర్శన జరిగింది. ప్రదర్శనలు పెరిగిన కొద్దీ ఏ కుక్క ఎవరిది, ఏ కుక్కకు పుట్టింది అనే తగాదాలు కూడా పెరిగాయి. ఒకే పేరుతో ఎన్నో కుక్కలు ఉండేవి. ఈ గందరగోళం తీర్చడానికి 1873లో లండనులో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. మరుసటి ఏడాదే మొదటి వంశావళి పుస్తకం అచ్చయింది. అమెరికాలో 1884లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వచ్చింది. 1911లో ఐరోపా దేశాల సంఘాలు కలిసి ఎఫ్.సి.ఐ. అనే అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించాయి. దాని కార్యాలయం బెల్జియంలో ఉంది. అది 350కి పైగా జాతులను గుర్తించింది. మన దేశంలో చెన్నై కేంద్రంగా కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కె.సి.ఐ.) ఈ పని చేస్తోంది.

వీటిలో చాలావరకు "మూసిన పుస్తకాలు". అనగా తల్లీ తండ్రీ ఇద్దరూ అదే పుస్తకంలో ఉంటేనే పిల్లకు అందులో చోటు దొరుకుతుంది. బయటి కుక్కతో కలిస్తే, అది ఎంత ఆరోగ్యంగా ఉన్నా, దాని పిల్లకు చోటు ఉండదు. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి. దీనితో మనకు తరువాత పని ఉంది.

కాగితంలో ఏముంటుంది?

వంశావళి పత్రంలో కుక్క పేరు, జాతి, ఆడో మగో, పుట్టిన తేదీ, రంగు, రిజిస్ట్రేషన్ సంఖ్య, మైక్రోచిప్ సంఖ్య, పెంపకందారు పేరు, యజమాని పేరు ఉంటాయి. తరువాత పూర్వికుల పట్టిక ఉంటుంది. మూడు తరాలంటే తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అవ్వలు నలుగురు, ముత్తాతలు ముత్తవ్వలు ఎనిమిది మంది. మొత్తం 14 పేర్లు.

మైక్రోచిప్ అంటే బియ్యపు గింజంత చిన్న వస్తువు. సూదితో చర్మం కింద పెడతారు. అందులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. రీడరు యంత్రాన్ని పైన తిప్పితే ఆ సంఖ్య కనిపిస్తుంది. పోయిన కుక్క ఎక్కడుందో చిప్ చెప్పదు. ఈ కాగితం ఈ కుక్కదేనా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెబుతుంది. కనుక కొనేటప్పుడు మూడు పనులు చేయాలి.

1. చిప్ సంఖ్యను రీడరుతో చదివించి కాగితంలోని సంఖ్యతో సరిచూడాలి.

2. రిజిస్ట్రేషన్ సంఖ్యను, ఆ కాగితం ఇచ్చిన సంస్థను నేరుగా అడిగి ధ్రువీకరించుకోవాలి. అందమైన సర్టిఫికెట్ ఎవరైనా అచ్చువేయించవచ్చు.

3. ఆ 14 పేర్లలో ఏ పేరైనా రెండుసార్లు వచ్చిందేమో చూడాలి. వస్తే దగ్గరి రక్తం కలిసినట్లే.

ఇక ఈ కాగితం చెప్పనిది ఒకటుంది. అదే ఆరోగ్యం. ఈ కుక్క ఫలానా కుక్కలకు పుట్టింది అని మాత్రమే రిజిస్ట్రీ చెబుతుంది. అది కూడా ఎక్కువగా పెంపకందారు రాసి ఇచ్చిన మాట మీదే ఆధారపడి ఉంటుంది. తమ పత్రం ఆరోగ్యానికీ నాణ్యతకూ హామీ కాదని అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా స్పష్టంగా చెప్పింది.

మనం హాస్టలులో చేరినప్పుడు కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, టి.సి. ఇచ్చాం కదా! అవి మనం ఎక్కడి నుండి వచ్చామో చెప్పాయి. ఎలా చదువుతామో, ఏమవుతామో చెప్పలేదు. కుక్క కాగితం కూడా అంతే.

దగ్గరి రక్తం ఎందుకు ప్రమాదం?

పదో తరగతి జీవశాస్త్రంలో మెండెల్ బఠాణీ మొక్కల ప్రయోగాలు చదివారు. ప్రతి లక్షణానికీ జన్యువులు జతగా ఉంటాయి. ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వస్తుంది. చాలా జన్యులోపాలు అంతర్గత లక్షణాలు. జతలో ఒకటి మంచిదైతే లోపం బయటపడదు. అలాంటి జంతువును వాహకం అంటాం. చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది.

లాబ్రడార్లలో కంటి వెనుక పొర క్రమంగా క్షీణించి చూపు పోయే జబ్బు ఒకటి ఉంది. అది ఇలా అంతర్గతంగా సంక్రమిస్తుంది. ఒక వాహకాన్ని మరో వాహకంతో జత కట్టిస్తే, సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు వస్తుంది. రెండు వాహకాలవుతాయి. ఒకటి పూర్తిగా మంచిది. అదే వాహకాన్ని లోపం లేని కుక్కతో జత కట్టిస్తే ఒక్క పిల్లకు కూడా జబ్బు రాదు. సగం పిల్లలు వాహకాలవుతాయి, అంతే. కనుక వాహకాన్ని చంపనక్కరలేదు, తోసిపారేయనక్కరలేదు. డి.ఎన్.ఏ. పరీక్ష చేయించి, తగిన జతను ఎంచుకుంటే చాలు.

అన్నాచెల్లెళ్ళను కలిపితే ఏమవుతుంది? ఇద్దరికీ తల్లిదండ్రులు ఒకరే కాబట్టి, ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. వాటి పిల్లల్లో ప్రతి నూరు జన్యు జతలకు సగటున 25 జతల్లో రెండు జన్యువులూ ఒకే పూర్వికుడి నకళ్ళు అవుతాయి. తండ్రీ కూతుళ్ళను కలిపినా ఇదే లెక్క. ఒకే తండ్రికి వేరు తల్లుల వల్ల పుట్టిన వాటిని కలిపితే 12.5. దీన్నే అంతఃప్రజనన గుణకం అంటారు. ఇది పెరిగిన కొద్దీ ఈతకు పిల్లలు తగ్గుతాయి, పుట్టినవి బలహీనంగా ఉంటాయి, దాగిన జబ్బులు బయటపడతాయి.

మచ్చల కుక్క చెప్పిన పాఠం

ఇప్పుడు మూసిన పుస్తకం సంగతికి వద్దాం. తెల్లని ఒంటి మీద నల్లని మచ్చలుండే డాల్మేషియన్ కుక్కను మీరు సినిమాల్లో చూసే ఉంటారు. సాధారణంగా కుక్కల శరీరం యూరిక్ ఆమ్లాన్ని అల్లాంటోయిన్ అనే పదార్థంగా మార్చి మూత్రంలో పంపిస్తుంది. అది నీటిలో తేలికగా కరుగుతుంది. డాల్మేషియన్లలో ఈ పని సరిగా జరగదు. యూరిక్ ఆమ్లం ఎక్కువగా మూత్రంలోకే వచ్చి రాళ్ళు కడుతుంది. మగకుక్కలకు మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి రాయి అడ్డుపడి, సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

దీనికి కారణం ఒకే ఒక్క జన్యువులోని లోపం. అది కూడా అంతర్గతమే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పుస్తకంలో ఉన్న డాల్మేషియన్లన్నిటికీ ఆ జతలోని రెండు జన్యువులూ లోపమున్నవే! కనుక పుస్తకం లోపల ఏ మగదాన్ని ఏ ఆడదానితో కలిపినా ఉపయోగం లేదు. మంచి జన్యువు పుస్తకం బయటే ఉంది.

1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక పని చేశాడు. డాల్మేషియన్‌ను పాయింటర్ అనే దగ్గరి జాతి కుక్కతో ఒక్కసారి కలిపాడు. పుట్టిన పిల్లలకు ఒక మంచి జన్యువు వచ్చింది. రాళ్ళ బెడద పోవడానికి ఆ ఒక్కటి చాలు. కాని వాటి మచ్చలు డాల్మేషియన్ ప్రమాణానికి తగినట్లు లేవు. అందుకని మంచి జన్యువున్న పిల్లలను ఎంచుకుంటూ, ప్రతి తరంలోనూ మళ్ళీ డాల్మేషియన్‌తోనే జత కట్టిస్తూ పోయాడు. పాయింటర్ వాటా ఎలా తగ్గుతుందో చూడండి:

మొదటి కలయిక: 1/2
మళ్ళీ డాల్మేషియన్‌తో ఒకసారి: 1/4
రెండోసారి: 1/8
మూడోసారి: 1/16
నాలుగోసారి: 1/32
ఐదోసారి: 1/64
పదోసారి: 1/2048

చూపులో, నడకలో, మచ్చల్లో అవి డాల్మేషియన్లే. మూత్రంలో రాళ్ళ లోపం మాత్రం లేదు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కలను పుస్తకంలో చేర్చుకుంది. కాని ఆ జాతి క్లబ్బు సభ్యులు ఒప్పుకోలేదు. ఆ కుక్కల్లో పరాయి రక్తం ఉందన్నారు. రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. షైబుల్, ఆయనతో నిలిచిన కొద్దిమంది పుస్తకంలో చోటు లేకపోయినా తరం తరువాత తరం పని కొనసాగించారు. 2008లో ఆ లోపమున్న జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించారు. 2010లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ ఆ వంశంలోని ఒక ఆడకుక్కను నమోదు చేసింది. 2011లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా తలుపు తెరిచింది. మందు చేతిలో ఉండి కూడా 30 ఏళ్ళు ఆగవలసి వచ్చింది! ఆ 30 ఏళ్ళలో రాళ్ళతో బాధపడిన కుక్కలకు తమ రక్తం "శుద్ధం" అయినందువల్ల ఒరిగిందేమిటి?

మిత్రులారా, ఈ శుద్ధ రక్తం మాటను మనుషులకు కూడా అంటగట్టినవారు ఉన్నారు. కులవ్యవస్థ ఉన్నది రక్తశుద్ధిని కాపాడటానికే అన్న వాదనను డా. బి.ఆర్. అంబేద్కర్ గారు 1936లోనే "కుల నిర్మూలన"లో ఖండించారు. మనుషుల సంగతి ఆయన చెప్పారు. కుక్కల విషయంలో కూడా ఆ మాట నిలవదని డాల్మేషియన్ చెబుతోంది.

తరువాత వచ్చిన మార్పు

2008లో బి.బి.సి. మేలుజాతి కుక్కల బాధలపై ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. దేశమంతా చర్చ జరిగింది. ఆ తరువాత ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ తోబుట్టువులకు గాని, తల్లీకొడుకులకు, తండ్రీకూతుళ్ళకు గాని పుట్టిన పిల్లలను నమోదు చేయడం మానేసింది. కేంబ్రిడ్జి ఆచార్యుడు ప్యాట్రిక్ బేట్సన్ స్వతంత్రంగా విచారణ జరిపి 2010లో నివేదిక ఇచ్చారు. రిజిస్ట్రీలు తలుచుకుంటే మేలు చేయగలవని దీనివల్ల తెలుస్తోంది. పుస్తకం ఉండటం తప్పు కాదు. నిజానికి ఎవరు ఎవరికి పుట్టారో రాసిపెట్టబట్టే దగ్గరి రక్తాన్ని తప్పించగలం. నా దగ్గరకు వచ్చిన ఆ తమ్ముడి కుక్కల సంగతి బయటపడింది కూడా కాగితం వల్లనే కదా!

మంచి పెంపకందారును గుర్తించడం ఎలా?

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అని మన పెద్దలు చెప్పారు. కుక్క విషయంలో కూడా ఇంతకు మించిన సలహా లేదు.

1. తల్లిని చూపించాలి. పిల్లలు తల్లితో ఉండగా చూడాలి. "తల్లి తోటలో ఉంది, పిల్లను బస్టాండుకు తెచ్చి ఇస్తాం" అంటే వద్దనండి.

2. తల్లిదండ్రుల ఆరోగ్య పరీక్షల నివేదికలు అడగాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు వదులై కుంటే జబ్బు ఉంది. దానికి ఎక్స్‌రే తీయాలి. అమెరికాలో 1966లో ఏర్పడిన ఓ.ఎఫ్.ఏ. సంస్థ రెండేళ్ళు నిండిన తరువాతే తుంటికి తుది ధ్రువీకరణ ఇస్తుంది. కనుక ఏడాది వయసు తల్లికి పుట్టిన పిల్లను "తుంటి గ్యారంటీ" అంటే నమ్మకూడదు.

3. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను కొనేవారు తల్లిదండ్రులు ఊపిరి ఎలా తీస్తున్నాయో గమనించాలి. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో కనిపించాక మన దగ్గర పగ్‌లకు గిరాకీ పెరిగింది. మన ఎండలకు అవి ఊపిరాడక ఆసుపత్రికి వస్తుంటాయి. గురక ముద్దుగా ఉందని నవ్వుకోకూడదు, అది ఊపిరి అందని చప్పుడు.

4. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను ఇవ్వకూడదు. తల్లి పాలు, తోటి పిల్లలతో ఆట, నులిపురుగుల మందు, మొదటి టీకా అన్నీ ఆ వయసులోనే. ముందే తెచ్చిన పిల్లలు పార్వో జబ్బుతో నెత్తురు విరేచనాలై చనిపోవడం మేం తరచు చూస్తాం.

5. మంచి పెంపకందారు మనల్ని కూడా ప్రశ్నిస్తాడు. ఇల్లు ఎంత, పగలు ఎవరుంటారు, ఇంతకు ముందు కుక్కను పెంచారా అని అడుగుతాడు. పెంచలేకపోతే తిరిగి తనకే ఇవ్వమంటాడు.

6. "కాగితంతో అయితే ఒక ధర, కాగితం లేకుండా ఒక ధర", "డబుల్ బోన్", "ఏ జాతి కావాలన్నా రేపే తెప్పిస్తాం" అనే మాటలు వింటే, ఎదురుగా ఉన్నది పెంపకందారు కాదు, దళారి అని గ్రహించాలి.

చట్టం కూడా మన వైపే ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు. ఏడాదికి ఒక ఈతకు మించకూడదు, జీవితకాలంలో అయిదు ఈతలకు మించకూడదు. నమోదు పత్రం చూపించమని అడగడం కొనేవారి హక్కు. కుక్కల పెంపకాన్ని స్వయం ఉపాధిగా చేయాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అప్పు చేయక ముందే ఈ నియమాలు చదవాలి. ఏడాదికి ఒక ఈత, పరీక్షల ఖర్చు, తిండి, టీకాలు అన్నీ లెక్క వేసుకుంటే, దళారులు చెప్పే లాభం ఎక్కడా కనిపించదు.

మన దేశవాళీ కుక్కలు

హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఉంది. మన ఒంగోలు, పుంగనూరు పశువులు దాని జాబితాలో ఉన్నాయి. తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్ వేటకుక్క కూడా ఆ జాబితాలో చేరాయి. ఈ సంస్థ జాతిని నమోదు చేస్తుంది, కెన్నెల్ క్లబ్ ఒక్కొక్క కుక్కను నమోదు చేస్తుంది. ఈ తేడా తెలుసుకోండి. దేశవాళీ అయినా దగ్గరి రక్తం నియమం ఒకటే. ఇక ఇంటికి తోడుగా, కాపలాకు ఒక కుక్క చాలనుకుంటే, వీధిలో పుట్టిన పిల్లను తెచ్చి టీకాలు వేయించి పెంచుకోండి. దానికి ఏ కాగితమూ అక్కరలేదు, టీకా కార్డు తప్ప.

చివరగా

మన తమ్ముడి సంగతి చెప్పకుండా ముగించలేను. ఆడకుక్కకు ఎక్స్‌రే తీస్తే తుంటి కీలు కూడా బాగాలేదు. జత కట్టించే ఆలోచన మానుకొమ్మన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మకు ఏం చెప్పాలన్నా?" అన్నాడు. వారం తరువాత వచ్చి రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వెళ్ళాడు. ఇప్పుడు ఒక మందుల షాపులో పనిచేస్తూ నెలనెలా సంఘం వాయిదా కడుతున్నాడు. ఆ కుక్కలు వాళ్ళింట్లోనే ఉన్నాయి. అతనికి తెలిసిన ముగ్గురు ఇప్పటికి పిల్లలను కొనబోయే ముందు కాగితాలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. "సీలు కాదు, పేర్లు చూడమని చెప్పాడు సార్" అన్నారు.

చదువు నేర్చుకున్నందుకు మన చేతికి వచ్చిన ఏ కాగితాన్నైనా చదివి సంతకం పెడదాం, చదివి డబ్బు ఇద్దాం.

అభ్యాసం

1. వంశావళి పత్రంలో నాలుగు తరాలు రాస్తే మొత్తం ఎన్ని పేర్లు ఉంటాయి?

2. కంటి జబ్బు వాహకమైన మగ లాబ్రడార్‌ను లోపం లేని ఆడదానితో జత కట్టించారు. ఎనిమిది పిల్లలు పుట్టాయి. సగటున ఎన్ని వాహకాలు? ఎన్నింటికి జబ్బు?

3. డాల్మేషియన్‌తో ఏడోసారి కలిపిన తరువాత పాయింటర్ వాటా ఎంత?

జవాబులు: 1) 30. 2) నాలుగు వాహకాలు, జబ్బు ఒక్కదానికీ రాదు. 3) 1/256.